పాత లారీ, పేరులేని పెట్టెలు

సెకండ్‌హ్యాండ్ లారీ డాష్‌బోర్డు మీద కనిపించే స్విచ్చులన్నీ కంపెనీ పెట్టినవి కావు. కంపెనీ స్విచ్చు మీద దీపం బొమ్మో వైపర్ బొమ్మో ఉంటుంది. తర్వాతి యజమానులు రేకుకు బెజ్జం కొట్టించి బిగించినదానికి ఏ బొమ్మా ఉండదు. అది దేనికో తెలిసిన డ్రైవరు బండితోపాటు రాడు. లారీ చేతులు మారినప్పుడు ఆర్‌సీ మారుతుంది, టైర్లు మారతాయి, బంపరుకు కట్టిన నిమ్మకాయలు మారతాయి. తీగలు మాత్రం ఉన్నచోటే ఉండిపోతాయి. పాతవి తీయించే ఓపిక ఎవరికీ ఉండదు కనుక కొత్తవి వాటి మీదే వేయిస్తారు. మూడు చేతులు మారిన బండి డాష్‌బోర్డు విప్పితే ఉమ్మడి కుటుంబపు అటక గుర్తొస్తుంది: ఏది ఎవరిదో తెలియదు, తీసేస్తే మాత్రం ఎవరికో ఒకరికి కోపం వస్తుంది.

తీగ రంగును బట్టి దాని పని చెప్పడం కంపెనీ తీగల విషయంలోనే చెల్లుతుంది. ఆటోనగర్ షెడ్డులో వేసిన తీగకు రంగు నిర్ణయించేది ఆ పూట కొట్లో మిగిలిన చుట్ట. ఎర్రగా బయల్దేరినది నల్లటేపు మూటలో దూరి, అవతల పచ్చగా తేలడం మామూలే. అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియను రంగు చూడడు, టెస్ట్ లాంపు పెట్టి చూస్తాడు. అందులో 24 వోల్టుల బల్బే ఉండాలి. కార్లకు వాడే 12 వోల్టులది లారీ తీగకు తగిలిస్తే ఒక్కసారి ధగధగా వెలిగి పోతుంది. ఆ తీగలో కరెంటు ఉందన్న సంగతి మాత్రం నిస్సందేహంగా తేలుతుంది.

పేరులేని పెట్టెల్లో సగానికి మూలం ఈ వోల్టుల తేడాయే. పెద్ద లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరసగా కలిపి 24 చేస్తారు. టేప్‌రికార్డరుకు, సెల్‌ఫోను చార్జరుకు 12 చాలు. పద్ధతి తెలిసినవాడు మధ్యలో కన్వర్టరు పెడతాడు: అల్యూమినియం గాళ్లున్న చిన్న పెట్టె, పాట నడుస్తుంటే చేతికి వెచ్చగా తగులుతుంది. ఖర్చు తగ్గించుకున్నవాడు ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగేస్తాడు. పాటలు బాగానే వస్తాయి. కానీ డైనమో రెండింటినీ కలిపే చార్జి చేస్తుంది కనుక, పాటలు మోసే బ్యాటరీకి ఎప్పుడూ ఆకలి, పక్కదానికి ఎప్పుడూ అజీర్తి. రెండూ త్వరగానే పోతాయి. తిట్లు బ్యాటరీ అమ్మినవాడికి.

హారన్లను గుర్తించడం తేలిక. తీగను వదిలేసి గాలి పైపు వెంట వెళితే, ఎయిర్ ట్యాంకు దగ్గర విద్యుత్తుతో తెరుచుకునే వాల్వు కనిపిస్తుంది. పలు స్వరాలు పలికే హారన్లను కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని 119వ నిబంధన ఒప్పుకోదు. అందుకే వాటి స్విచ్చు తరచూ సీటు కింద దాక్కుని ఉంటుంది. హారన్ మాత్రం దాక్కోలేదు. రివర్సు గేరు వేయగానే పాటెత్తుకునే పెట్టెను వెతకనక్కర్లేదు, వీధంతా కలిసి చూపిస్తుంది. వేగాన్ని గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆపేందుకు పాత బండ్లకు తర్వాత బిగించిన గవర్నరుకు సీలు ఉంటుంది. సీలు భద్రంగా ఉండి, తీగలు గాలిలో వేలాడుతున్నాయంటే పాత డ్రైవరు స్వభావం అక్కడే తెలుస్తుంది.

అసలైన రహస్యం జీపీఎస్ పెట్టె. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, నల్లగా, డాష్‌బోర్డు లోతుల్లో టేపు చుట్టుకుని ఉంటుంది. లోపల సిమ్‌కార్డు, సొంత బుల్లి బ్యాటరీ. లేబుల్ మీద 15 అంకెల ఐఎంఈఐ నంబరు. ఒక తీగ బ్యాటరీకి, ఒకటి ఎర్తుకు, ఒకటి తాళంచెవికి పోతాయి. నాలుగోది ఉంటే దాని వెంట జాగ్రత్తగా వెళ్లాలి. అది రిలేకు చేరుతుంది. రిలే కాళ్ల మీది అంకెల్లో 85, 86 కాయిలువి. 30, 87a మధ్య వెళ్లే తీగ సెల్ఫుదైతే, ఎక్కడో కూర్చున్న ఎవరో ఫోను నొక్కి ఈ బండి లేవకుండా చేయగలరన్నమాట. వాయిదాలు బాకీపడ్డ బండిని ఆపడానికి ఫైనాన్సు ఇచ్చినవారు పెట్టించే ఏర్పాటు ఇది. తీగ కత్తిరిస్తే చిన్న బ్యాటరీ మేల్కొని పాత యజమాని ఫోనుకు కబురు పంపుతుంది. కొత్త యజమాని ఏ దాబాలో భోజనం చేస్తున్నాడో అప్పటికే ఆయనకు తెలుసు. కటింగ్ ప్లేయరు తీసేముందు ఆర్‌సీలో తాకట్టు కొట్టేశారో లేదో, 35వ నంబరు ఫారం చేతికి వచ్చిందో లేదో చూసుకోవాలి.

బండి ఆగి ఉన్నా కరెంటు తాగే పెట్టెను పట్టడానికి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో మీటరును ఆంపియర్ల మీద పెట్టి ఒక్కో ఫ్యూజు పీకుతారు. ఏ ఫ్యూజుకు అంకె పడిపోతే దొంగ ఆ ఇంట్లో ఉన్నట్టు. ఆంపియరులో పదో వంతు చాలు, నెలకు 72 ఆంపియర్-అవర్లు హరిస్తుంది. 120 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగానికిపైగా అదే. మీటరు తగిలించి ఉండగా ఉత్సాహంకొద్దీ సెల్ఫు కొడితే మీటరే పోతుంది. ఫ్యూజులన్నీ పీకినా అంకె కదలకపోతే దొంగ ఫ్యూజు బాక్సుకు రాకుండా నేరుగా బ్యాటరీ బోల్టుకే తగులుకున్నాడని అర్థం.

ఇంత వెతికినా ఒక్క స్విచ్చు మిగులుతుంది. వేస్తే ఏదీ వెలగదు, మోగదు. క్లీనరును బండి చుట్టూ మూడుసార్లు తిప్పినా ఏమీ లేదనే చెబుతాడు. వేసినప్పుడు ఎక్కడో టిక్కుమందని ఒకరు, లేదని ఒకరు వాదించుకుంటారు. వారం తర్వాత డ్రైవరు దానికి తువ్వాలు తగిలిస్తాడు.