సియాటిల్‌లో నా నైట్ డ్యూటీ

ప్రభుత్వాసుపత్రిలో 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన రోజు, ఇంటికి రాగానే మావారి ముందు ఒట్టు పెట్టుకున్నాను, ఇక జన్మలో నైట్ డ్యూటీ చెయ్యనని. రెండేళ్లు తిరక్కుండానే అమ్మాయి పురిటికని సియాటిల్ విమానం ఎక్కాను. కస్టమ్స్ అతను పెట్టెలోంచి బాలింత కాయం డబ్బా తీసి, మూత తిప్పి వాసన చూసి, ఓ అడుగు వెనక్కి వేసి, ఇంకేమీ అడక్కుండా పంపేశాడు.

మనవడు పగలంతా యోగనిద్రలో ఉండి, రాత్రి పన్నెండు కొట్టగానే ఓపీ తెరిచేవాడు. పాలిస్తూ కునికిపాట్లు పడకుండా అమ్మాయి టీవీ పెట్టేది. "గ్రేస్ అనాటమీ చూద్దామా అమ్మా?" అందొక రాత్రి. గుండె గుభేలుమంది. నాకు తెలిసిన గ్రేస్ అనాటమీ 1858లో హెన్రీ గ్రే అనే డాక్టరు వేయించిన లావుపాటి పుస్తకం. మా హౌస్ సర్జన్లు డ్యూటీ రూములో అది తలకింద పెట్టుకుని పడుకునేవారు, విద్య పుర్రెలోకి దానంతటదే ఇంకుతుందని కాబోలు. ఇది ఆ గ్రే కాదట, సీరియల్లో హీరోయిన్ ఇంటిపేరట. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా. తెలుగులో అదీ లేదు.

షోండా రైమ్స్ అనే ఆవిడ 2005లో మొదలుపెట్టిన ఈ సీరియల్ 20 సీజన్లు దాటి ఇంకా నడుస్తూనే ఉంది. మొదటి సీజన్ తొమ్మిదే భాగాలు, పురిటి స్నానం లోపే అయిపోయింది. నేను బాగా ఇరుక్కుపోయింది రెండో సీజన్లో. 27 భాగాలు.

సియాటిల్ గ్రేస్ అనే ఆసుపత్రి. అందులో మెరెడిత్, క్రిస్టీనా, ఇజ్జీ, జార్జ్, అలెక్స్ అని సర్జరీ నేర్చుకునే ఐదుగురు పిల్లలు. మన హౌస్ సర్జన్లకి ఓ మెట్టు పైన అనుకోండి. రక్తం వీళ్లే తీస్తారు, సెలైన్ వీళ్లే పెడతారు, స్ట్రెచర్ వీళ్లే తోస్తారు, పేషెంటు చెయ్యి పట్టుకుని వీళ్లే ఏడుస్తారు. మధ్యలో ఖాళీ దొరికితే లిఫ్టులో ప్రేమించుకుంటారు. మా ఆసుపత్రిలో లిఫ్టు తలుపుకి నేను చేరినప్పుడు కట్టిన "పనిచేయదు" బోర్డు నేను దిగిపోయేదాకా అలాగే ఉంది. మా దగ్గర ఒక్క ప్రేమకథా ఎందుకు నడవలేదో ఇన్నాళ్లకి తెలిసింది.

నాలుగు రాత్రులు ఓపికపట్టి అడిగాను, "నర్సులేరే?"

"ఉన్నారుగా అమ్మా, వెనకాల నడుస్తున్నారు చూడు" అంది. చూశాను. నిజమే, వెనకాల ఫైళ్లు పట్టుకుని నడుస్తున్నారు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. ఎక్కడికి వెళ్తున్నారో, ఏ బెడ్డు దగ్గర ఆగుతారో ఎవరికీ పట్టదు. వీళ్లలో ఒలీవియా అనే అమ్మాయికి మాత్రం పేరూ ఓ కథా ఇచ్చారు. ఆ కథేమిటంటే, ఒక డాక్టరు దగ్గర అంటుకున్న సుఖవ్యాధిని ఇంకో డాక్టరుకి అందించడం. అంతకన్నా బాధ్యత గల పని నర్సుకి అప్పగించడానికి రచయితలకి మనసొప్పలేదు.

ఆపరేషన్ థియేటర్ సీన్లలో మాత్రం ఒకావిడ నా కంట పడింది. మాస్కు పైన రెండు కళ్లే కనిపిస్తాయి, మాటా పలుకూ లేదు. డాక్టర్లు పొట్ట మీద వంగి వాళ్ల ప్రేమ గొడవలు మాట్లాడుకుంటుంటే ఆవిడ పనిముట్లు అందిస్తోంది. పిడి సరిగ్గా అరచేతిలో పడుతోంది, డాక్టరు తల తిప్పక్కర్లేదు. "ఈవిడ యాక్టరు కాదే, నిజం నర్సు" అన్నాను. అమ్మాయి నమ్మలేదు. ఫోన్లో వెతికి చూసి నోరు తెరిచింది. ఆవిడ నిజంగానే థియేటర్ నర్సట. సీరియల్లో పేరు బోకీ. మొదటి సీజన్ నుంచి అలాగే నిలబడి అందిస్తోందట. హీరోలు చచ్చిపోయారు, హీరోయిన్లు మానేశారు, బోకీ మాత్రం డ్యూటీ దిగలేదు. ఆ రాత్రి అమ్మాయి నన్ను కొత్తగా చూసింది. అది ఇంజనీరింగ్ ర్యాంకు తెచ్చుకున్న రోజు నేను దాన్ని చూసినట్టు.

పదిహేనో భాగంలో నా కోరిక తీరింది. నర్సులు సమ్మె చేశారు! సోఫాలో సర్దుకుని కూర్చున్నాను. అనుకున్నట్టే, నర్సుల్లేని వార్డులో మెరెడిత్ ఒక ముసలావిడకి గొట్టం వేసి ఊపిరి అందించింది. తీరా చూస్తే, ప్రాణం పోయేటప్పుడు ఇలాంటివేమీ చెయ్యొద్దని ఆవిడ ముందే రాసిచ్చింది. "కేస్ షీటు చూడమని చెప్పే దిక్కేదీ మరి?" అన్నాను గట్టిగా. మనవడు ఉలిక్కిపడి ఏడ్చాడు. పాపం జార్జ్ మాత్రం నర్సుల గీత దాటి లోపలికి వెళ్లనన్నాడు. ఆ ఐదుగురిలో నేను పిల్లనిచ్చేది అతనికే.

తర్వాతి భాగంలో ఆసుపత్రిలోకి బాంబు వచ్చింది. 2006 ఫిబ్రవరి 5న, సూపర్ బౌల్ అనే పెద్ద ఆట అవ్వగానే వేస్తే అమెరికాలో మూడున్నర కోట్ల మందికి పైగా చూశారట. ఒకాయన ఇంట్లో సొంతంగా ఫిరంగి చేసుకుంటే అందులోని గుండు పేలకుండా ఆయన ఛాతీలోనే దిగబడింది. దాన్ని కదలకుండా మెరెడిత్ చేత్తో పట్టుకుని నిలబడింది. అందరూ ఊపిరి బిగబట్టే ఘట్టం. నా ఊపిరి మాత్రం పక్క గదిలో చిక్కుకుంది. అక్కడ డాక్టర్ బెయిలీకి నొప్పులు. మొగుడు కారు ప్రమాదంలో పడి తల ఆపరేషన్లో ఉన్నాడు కాబట్టి, అతను రానిదే కననని భీష్మించుకుంది. పురిటి గదిలో ఎన్ని రకాల మొండితనాలు చూశానో! వాయిదా అడిగిన వాళ్లని చూళ్లేదు. "ముక్కమ్మా, ముక్కు!" అని సోఫాలోంచే అరిచాను. చివరికి జార్జే వెనక కూర్చుని ఆమెను ఒప్పించాడు. పిల్లాడికి జార్జ్ పేరు కూడా కలిపి పెట్టారు. నేను ముక్కమని అరిచి లోకంలోకి తెచ్చినవాళ్లు ఎంతమందో లెక్కలేదు. ఒక్కళ్లయినా నా పేరు పెట్టారా? పోనీ లెండి, ఆ పేరు పెట్టుకుని బతకడం కూడా కష్టమే.

ఇక డెనీ సంగతి. గుండె మార్చాల్సిన పేషెంటు. గుండె బదులు రక్తం తోసే యంత్రం వైరుతో వేలాడుతుంటుంది. ఇజ్జీ అతన్ని ప్రేమించింది. దొరికిన గుండె 17 సెకన్ల ముందు జాబితాలో చేరిన ఇంకొకరికి వెళ్లబోతోంది. అందుకని డెనీ పరిస్థితి విషమిస్తే గుండె ఇతనికే వస్తుందని, ఆ పిల్ల యంత్రం వైరు కత్తిరించేసింది! స్నేహితులు ముగ్గురు వచ్చి చేరి చేతులు నలుపుకున్నారు.

అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. నాకు ఏడుపు రాలేదు. "ఆ కత్తెర ఎక్కడిది?" అన్నాను.

"అమ్మా!"

"అమ్మా లేదు బొమ్మా లేదు. మా వార్డులో కత్తెర కావాలంటే రిజిస్టర్లో సంతకం పెట్టాలి. డ్యూటీ మారేటప్పుడు లెక్క అప్పగించాలి. ఒక్కటి తక్కువైతే పక్కలన్నీ దులిపిస్తాను. ఐసీయూలో నలుగురు డాక్టర్లు పోగై ఒక పేషెంటుని ఇంత చేస్తుంటే అక్కడొక సిస్టరు లేదా?"

అంత చేస్తే గుండె దొరికింది, ఆపరేషనూ బాగా జరిగింది, ఆ రాత్రే రక్తం గడ్డ మెదడుకి చేరి డెనీ ఒంటరిగా పోయాడు. అప్పుడు మాత్రం నాకూ గొంతు పట్టేసింది. ఇజ్జీ గులాబీ రంగు పార్టీ గౌను వేసుకొచ్చి శవం పక్కన పడుకుంది. సీజన్ అక్కడికి ఆపేశారు.

ఆ ఆదివారం అల్లుడు, "అత్తయ్యా, మీ ఆసుపత్రి చూపిస్తా రండి" అని స్పేస్ నీడిల్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎదురుగా అద్దాల మేడ, పైన హెలికాప్టర్ దిగే చోటు, అచ్చం టీవీలో చూసినట్టే. దగ్గరికెళ్తే అది వార్తల చానెల్ ఆఫీసు! బయటి దృశ్యాలు ఇక్కడివట. లోపలి వార్డులన్నీ లాస్ ఏంజెలెస్ స్టూడియోలో ఉన్నాయట. ఉండబట్టలేక గుమ్మందాకా వెళ్లి తొంగిచూశాను. లిఫ్టు పనిచేస్తోంది.

ఆ రాత్రే మూడో సీజన్ పెట్టాం. మొదటి భాగంలో ఇజ్జీ అదే గౌనుతో ఇంటి బాత్రూంలో నేలమీద పడి ఉంది. స్నేహితులు వంతులవారీగా వస్తున్నారు, మాట్లాడుతున్నారు, పోతున్నారు. తెల్లవారుతుండగా అల్లుడు కళ్లు నులుముకుంటూ గదిలోంచి వచ్చాడు. ఆరింటి నుంచి పిల్లాడి డ్యూటీ అతనిది. లేచి నిలబడి, అలవాటు చొప్పున అప్పగింత చెప్పాను.

"బాబూ, రెండున్నరకి పాలు తాగాడు. మూడుకి కక్కాడు, కొంచెమే. నాలుగుంబావుకి విరేచనం, రంగు బాగానే ఉంది. అమ్మాయికి కాయం ఇచ్చాను, మింగినట్టు నటించింది, చూసుకో. బాత్రూంలో ఇజ్జీ అని ఇంకో పేషెంటుంది. పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు, గౌను మార్చలేదు, ఎంత లేపినా లేవట్లేదు."