ముక్కుపొడి రంగు వీరులు

ఈ చలికాలం ఏ సైకిల్ గ్రూపు వాట్సాప్ తెరిచినా అదే గోల. ముక్కుపొడి రంగు జెర్సీ, తడి సిమెంటు రంగు జెర్సీ, ఎండిన బురద రంగు బిబ్ షార్ట్స్. అదంతా హుందాతనమట. సీరియస్ రైడర్లు మెరిసే రంగులు వేసుకోరట. పసుపూ ఎరుపూ నిన్నగాక మొన్న సైకిల్ ఎక్కినవాళ్లకట.

ఎంత నిరాడంబరమో! కంపెనీ పేరు వెతికితే గానీ దొరకదు. ఎడమ చేతికి తెల్ల పట్టీ ఒక్కటి, అంతే. దాన్ని గుర్తుపట్టాల్సినవాళ్లు గుర్తుపడతారు, మిగతావాళ్లకు తెలియదు. ఆ తెలియకపోవడానికే డబ్బు. బీరువా తాళాలు నడుముకు దోపుకుని, మా ఇంట్లో బంగారమెక్కడిదమ్మా అనే అత్తగారి నిరాడంబరత్వమిది.

లండన్‌లో 2004లో రాఫా కంపెనీ దీన్ని మొదలుపెట్టినప్పుడు కొంత న్యాయం ఉందనే ఒప్పుకుంటాను. అప్పటిదాకా రేసు జెర్సీ అంటే సలామీ కంపెనీ పేరో, టైల్స్ జిగురు కంపెనీ పేరో ఛాతీ మీద మోయడమే. వీళ్లు పాతకాలపు ఉన్ని జెర్సీని సన్నని మెరీనోతో మళ్లీ తెచ్చి, సాదాగా కుట్టి, లోపల ఎవరో వీరుడు ఏదో కొండెక్కుతూ పడ్డ పాట్ల కథనొకటి అతికించారు. 'బాధలోంచి కీర్తి' అన్నది నినాదం. 2017లో ఆ కంపెనీని వాల్‌మార్ట్ వ్యవస్థాపకుడి మనవళ్లు కొనుక్కున్నారు. బాధ ఎవరికి దక్కిందో, కీర్తి ఎవరికి దక్కిందో లెక్క మీరే వేసుకోండి.

కుట్టుపనితో నాకు పేచీ లేదు. వీపు మీద మూడు జేబులు బంగారంలాంటి ఆలోచన. ప్యాడింగ్ విలువ వంద కిలోమీటర్లు తొక్కాక కూర్చునే చోటే చెబుతుంది. సాక్సు ఎత్తు జోలికి అసలే పోను. దానికి అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం నిబంధనే ఉంది.

పేచీ రంగుతో.

సైకిల్ పందేల్లోకి పసుపు ఎందుకొచ్చింది? 1919 టూర్ డి ఫ్రాన్స్‌లో ముందున్నదెవరో రోడ్డు పక్క జనానికి తెలియాలని పసుపు జెర్సీ తొడిగారు. పందెం నడిపే పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది కాబట్టి సొంత ప్రచారమూ కలిసొచ్చింది. 1975లో కొండల వీరుడికి ఎర్ర చుక్కలు వచ్చాయి. పందెం తెలిసినవాళ్లు మనిషి కనబడాలనే జెర్సీకి రంగు వేశారు.

ఇక్కడ, హైదరాబాద్‌లో? డిసెంబర్ తెల్లవారుజాము అయిదింటికి నార్సింగి దాటాక సర్వీసు రోడ్డు మీద నిలబడి చూడండి. తారు రోడ్డు మీద తారు రంగు మనిషి. వెనక రాత్రంతా నిద్రలేని డ్రైవర్, రెడీమిక్స్ లారీ. ఆ డ్రైవర్‌కి మీ హుందాతనం ఎక్కడ కనబడాలి? సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ ఉందిగా అంటారు. ఉంది. దాని మీద ఏ రంగైనా చెల్లుతుంది. ఇంటి నుంచి దానిదాకా ఏ కప్పు కింద వస్తారు?

నడుం దగ్గర మెరుపు పట్టీ పెట్టామంటారు కంపెనీలవాళ్లు. అగ్గిపుల్లంత! హెడ్‌లైటు పడితేనే మెరిసేదాన్ని వాన కోటు అంచు కింద దాక్కునే చోట కుట్టడం ఏం తెలివి? మడమల దగ్గరా మోకాళ్ల దగ్గరా పెడితే తొక్కుతున్నప్పుడు పైకీ కిందికీ ఆడుతూ, ముందున్నది మనిషని డ్రైవర్‌కి తెలుస్తుంది. పెట్టరు. ఫొటోలో లైను చెడుతుందట.

లైను చెడితే చెడనివ్వండి! ఈ దేశంలో ఏటా వేలమంది సైకిల్ తొక్కేవాళ్లు రోడ్ల మీద చచ్చిపోతున్నారు. మనిషిని చీకట్లో కలిపేసే గుడ్డ అమ్ముతూ దానికి అభిరుచి అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. 200 కిలోమీటర్ల బ్రెవెట్ అనే గడువు రైడ్‌ని 13 గంటల 30 నిమిషాల్లో పూర్తిచేసేవాళ్లకన్నా సీరియస్ రైడర్లు మన ఊళ్లో ఎవరున్నారు? చీకటి పడితే వాళ్లకు రిఫ్లెక్టర్ వెస్టు తప్పనిసరి. నిమ్మకాయ రంగు, వదులుగా, వికారంగా ఉంటుంది. వేసుకుని తొక్కుతారు.

అదే సర్వీసు రోడ్డు మీద నైట్ డ్యూటీ దిగి గేర్లు లేని సైకిల్ మీద ఇంటికి పోయే వాచ్‌మన్ కనిపిస్తాడు. కనిపిస్తాడనే అంటున్నాను, ఎందుకంటే ఏదో సైటులో ఇచ్చిన నారింజ జాకెట్టు తొడుక్కుని ఉంటాడు. మీ జెర్సీ ఒక్కదాని డబ్బుతో అతనికి కొత్త సైకిలే వస్తుంది. వానలోనూ ఎండలోనూ తప్పక తొక్కే అతను మీ కేటలాగు లెక్కలో సీరియస్ కాదు, ఆదివారం కాఫీ దాకా తొక్కే మీరు సీరియస్!

డిజైనర్లకు ఒక పని చెబుతాను. ఒక్క తెల్లవారుజామున ఆ లారీ క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన కూర్చోండి. ముక్కుపొడి రంగు జెర్సీవాడు ఎన్ని అడుగుల దూరంలో కంటికి ఆనాడో రాసుకోండి. జెర్సీ లోపల కొండ కథ తీసేసి ఆ అంకె కుట్టండి.