ఉత్తుత్తి ఈఎంఐ

మావాడని అంటున్నాను గానీ, ఈ బాపతు కుర్రాడు కోనసీమలో వీధికొకడుంటాడు. ఇంజినీరింగ్ అయింది. కూకట్‌పల్లి హాస్టల్లో దిగాడు. చేతికి నెలకి 26 వేలు. నెత్తిమీద 4 లక్షల చదువు అప్పు.

మొన్న ఆదివారం స్వీట్ల పెట్టెతో మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే లాప్‌టాప్ తెరిచాడు.

"బడ్జెట్ వేశానండీ బాబాయ్. ఓసారి చూడండి."

ఈ జాతికి అప్పంటే మహా భయం. చదువయ్యాక ఏడాదిదాకా వాయిదా కట్టక్కర్లేదంటే, తోటివాళ్లు దాన్ని సెలవులకింద జమకట్టేశారు. మావాడు మాత్రం వడ్డీ లెక్కేశాడు. ఏటా లక్ష చొప్పున తీసుకున్నాడు, పది శాతం. బారువడ్డీయే అయినా మొదటి లక్షకి అయిదేళ్లు, ఆఖరి లక్షకి రెండేళ్లు. మొత్తం 1,40,000 ఎక్కి కూచుంటుంది. ఆ 5,40,000 ఏడేళ్లలో తీరాలంటే నెలకి దగ్గరదగ్గర 9,000. ఇప్పట్నుంచే ఆ తొమ్మిది వేలూ వేరే ఖాతాలో వేస్తున్నాడట. ఆ గడికి పెట్టిన పేరు 'ఉత్తుత్తి ఈఎంఐ'.

"అలవాటవ్వాలి కదండీ."

"దాచడమెందుకురా, అప్పుకే కట్టెయ్. వడ్డీ తగ్గుతుంది."

"అక్కడ వేస్తే మళ్లీ తీసుకోడానికుండదు కదండీ!"

గుట్టు అక్కడుంది.

మిగతా గడులు ముచ్చటగా ఉన్నాయి. హాస్టల్ 7,500, ఇంటికి 4,000, టిఫిన్లు 2,500, బస్సూ ఫోనూ 2,000. ఆఖర్న 'ఇతరములు' 1,000. ఈ ఇతరములనేది చంటిపిల్లలాంటిది, చూస్తూండగానే ఎదుగుతుంది. జూన్‌లో వెయ్యి, జులైలో మూడు వేలు. శ్రావణంలో గోదారికి ఎర్రనీళ్లు రాగానే రూమ్‌మేటు పులస కబురు తెచ్చాడు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. మావాడికింకా పెళ్లి కాలేదు గనక ఉత్తుత్తి ఈఎంఐని అమ్మాడు. ఊరెళ్లొస్తే ఆఫీసు మొత్తానికి ఆత్రేయపురం పూతరేకులు.

"ఉత్తి చేతుల్తో ఎలా వస్తామండీ?"

క్యాంటీన్లో బిల్లు బల్లమీద పడకముందే వీడి చెయ్యి జేబులో ఉంటుంది. ఇందులో నేను తప్పుబట్టగలిగిందేమీ లేదు. ముప్ఫయ్యేళ్లుగా నా చెయ్యీ అక్కడే ఉంది.

ఆఫీసులో ఎవరో 50-30-20 సూత్రం చెప్పారట. అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆవిడ కూతురూ కలిసి 2005లో వేసిన పుస్తకంలోది: చేతికొచ్చినదాంట్లో సగం అవసరాలకి, నూటికి ముప్ఫై సరదాలకి, ఇరవై పొదుపుకీ అప్పులకీ. మావాడు రెండు రాత్రులు కూచుని ఖర్చులన్నీ ఆ మూడు గాదెల్లో పోశాడు. ఒక్కటి మిగిలిపోయింది.

"అక్క కూతురికి చెవులు కుట్టిస్తున్నారండీ. మేనమామని, పోగులు నేనే పెట్టాలి. ఇది అవసరమా అండీ, సరదా అండీ?"

ఏం చెప్పను? అవసరమంటే బ్యాంకు నవ్వుతుంది, సరదా అంటే వాళ్లక్క ఏడుస్తుంది.

ఇంకెవరో చదువు అప్పు వడ్డీకి పన్ను మినహాయింపుందని చెప్పి మరీ ఊరించారు. ఆ మినహాయింపు పాత పన్ను విధానంలోనే. అయినా పన్ను పడేటంత జీతముంటే కదా, మినహాయించడానికి!

వాళ్ల నాన్నది వేరే గోల. రెండెకరాల వరి. సొమ్మనేది సార్వాకొకసారి, దాళ్వాకొకసారి కళ్లపడాలి గానీ నెలనెలా రావడమేమిటో, నెలనెలా పోవడమేమిటో ఆయనకి మింగుడు పడదు. "దాళ్వా మాసూళ్లయ్యాక ఒక్కసారే పడేద్దాంరా" అంటాడు ఫోన్లో. ఆ మాసూళ్ల మీద ఎరువుల కొట్టువాడి పద్దొకటి ముందే పడుకునుందని కొడుక్కి తెలుసు. "అలాగే నాన్నా" అని పెట్టేస్తాడు. ఒకటో తారీఖున నిండుగా పారిన మావాడి ఖాతా, ఇరయ్యో తారీఖుకల్లా వేసవిలో కాలవ కట్టేసినట్టు అడుగు తేలుతుంది.

వేలు జార్చుకుంటూ కిందికి చూశాను. ఈ నెల ఇతరములలో ఓ వరస దగ్గర ఆగాను: 'బాబాయ్ గారింటికి. స్వీట్లు 480, రానుపోను ఆటో 240.'

"అప్పు గురించి మాట్లాడ్డానికొస్తూ స్వీట్లెందుకురా?"

"బాగోదు కదండీ."

మీ పిన్ని పెసరట్టు వేస్తోంది, తినెళ్లమన్నాను. తిన్నాడు. కిందకి దిగి ఆటోవాడి చేతిలో నేను డబ్బు పెట్టబోతే చెయ్యి పట్టుకు ఆపేశాడు.

"వద్దండీ బాబాయ్, మీరిచ్చేస్తే మళ్లీ లెక్క తేలదు. రాసేశానండి."