నరం జాడ చెప్పినవాణ్ణి

నన్ను చూసినవాళ్ళు చాలామంది టీవీ రిమోట్ అనుకుంటారు. ఒకసారి ఒక నర్సమ్మ నిజంగానే నన్ను టీవీ వైపు తిప్పి నొక్కింది కూడా. నా పేరు నర్వ్ స్టిమ్యులేటర్. తిప్పే మీట ఒకటి, అంకెలు కనిపించే చిన్న తెర, రెండు తీగలు, కడుపులో 9 వోల్టుల బ్యాటరీ. ఇంతే నేను. ఎక్కడ పుట్టానో, ఎవరు బిగించారో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఊహ తెలిసింది న్యూజెర్సీలోని ఒక ఆసుపత్రిలో. దాని పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మనిషి మొత్తాన్ని నిద్రపుచ్చకుండా చెయ్యో కాలో ఒక్కటే మొద్దుబారాలంటే, మత్తుమందు ఆ అవయవానికి పోయే నరం పక్కన పడాలి. నరం పైకి కనిపించదు, నాడిలా కొట్టుకోదు. సూది దాని దగ్గరికి చేరిందో లేదో చెప్పడం నా ఉద్యోగం. నా నల్ల తీగ సూదికి, ఎర్ర తీగ రోగి ఒంటికి అంటించిన ప్యాడ్‌కి. సూదికి కొస తప్ప ఒళ్ళంతా కరెంటు పోని పూత ఉంటుంది. సెకనుకు రెండుసార్లు ఆ కొసలోంచి చిన్న తాకిడి పంపిస్తాను. 1 మిల్లీ ఆంపియర్‌తో మొదలు. నరం దగ్గరపడగానే అది ఆడించే కండరం ఎగురుతుంది. అప్పుడు నన్ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తారు. 0.5కి దిగినా ఎగురుతుంటే చోటు దొరికినట్టే. 0.2లో కూడా ఎగురుతుంటే మాత్రం సూది నరంలోకే దిగి ఉండొచ్చు, వెనక్కి లాగాలి.

ఒక పెద్దావిడ గుర్తుంది. కొడుకు దగ్గర ఆరు నెలలు ఉందామని గుంటూరు నుంచి వచ్చి, మంచు మీద జారి భుజం పాడుచేసుకుంది. మత్తు డాక్టరు కూడా తెలుగమ్మాయే. భుజం ఆపరేషన్‌కి సూది మెడ పక్కన, రెండు కండరాల సందులోకి పోతుంది. షికాగోలో అలన్ విన్నీ 1970లో చూపించిన దారి అది. మొదట ఆవిడకి ఎక్కిళ్ళలా పొట్ట ఎగిరింది. సూది మరీ ముందుకు పోయి ఊపిరి తీయించే నరాన్ని పలకరించిందన్నమాట. డాక్టరమ్మ సూదిని వెనక్కి జరిపింది. ఈసారి వీపు మీది కండరం లేచింది, అంటే మరీ వెనక్కి వచ్చింది. మూడోసారి భుజం గూడు దానంతట అదే టక్ టక్‌మని ఎగరడం మొదలుపెట్టింది.

“ఇదేం చోద్యమమ్మా, నా చెయ్యి నా మాట వినట్లేదు!”

“వినకూడదనే కదండీ ఇంత తంటా. నొప్పిగా ఉందా?”

“నొప్పి లేదు గానీ, చూసేవాళ్ళు నవ్వుతారేమో.”

నవ్వింది నేనొక్కణ్ణే. 0.4 దగ్గర మందు ఎక్కించారు. చుక్క పడగానే ఎగరడం ఆగిపోయింది.

ఆ ఆగిపోవడానికి మనవాడి పేరే ఉంది, రాజ్ టెస్ట్ అని. పి. పృథ్వీరాజ్ అనే భారతీయ డాక్టరు, 1975లో అమెరికాలో రీజినల్ అనస్థీషియా సంఘాన్ని మళ్ళీ నిలబెట్టిన అయిదుగురిలో ఒకరు. ఒక్క మిల్లీలీటరు మందు పడగానే కండరం ఆగితే సూది సరైన చోట ఉన్నట్టు గుర్తు. ఎందుకు ఆగుతుందంటే, ద్రవం నరాన్ని పక్కకి నెట్టేస్తుందని చాలాకాలం అందరూ నమ్మారు. కెనడాలో బాన్ సుయి చేసిన పరిశోధనల్లో వేరే సంగతి తేలింది. మత్తుమందులోనూ సెలైన్‌లోనూ ఉప్పు ఉంటుంది, కరెంటు దాంట్లోంచి చుట్టూ చెదిరిపోయి నరానికి అందేది తగ్గిపోతుంది. అదే గ్లూకోజు నీళ్ళు ఎక్కిస్తే కండరం ఎగురుతూనే ఉంటుంది. అన్నేళ్ళు పక్కనే ఉన్న నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి. ఎవరడిగారు?

నేను రాకముందు ఈ పని చేసింది రోగి నోరే. సూది నరాన్ని తాకితే వేళ్ళ చివరిదాకా జివ్వుమంటుంది. రోగి “అబ్బా!” అంటే డాక్టరు ముఖం వెలిగేది. సియాటిల్‌లో డాక్టర్ డేనియల్ మూర్ కాలంలో, జివ్వుమనకపోతే మొద్దుబారదన్నదే ఈ విద్యకి సూత్రం. అంతకు చాలా ముందరి కథ ఇంకా చేదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. కొన్ని వారాలకే న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్, రిచర్డ్ హాల్ అదే మందుని నరాల దగ్గర గుచ్చడం మొదలుపెట్టారు. మొదటి రోగులు వాళ్ళే, వాళ్ళ స్నేహితులే, విద్యార్థులే. ఆ మందు ఏం చేస్తుందో అప్పటికి ఎవరికీ తెలీదు. ఇద్దరూ దానికి బానిసలైపోయారు. 1885లో హాల్‌స్టెడ్ అచ్చువేసిన వ్యాసం తలాతోకా లేకుండా ఉంటుంది. తర్వాత బాల్టిమోర్ వెళ్ళి జాన్స్ హాప్కిన్స్‌లో గొప్ప సర్జన్ అయ్యాడు గానీ, మత్తు అలవాటు చచ్చేదాకా వదల్లేదు. ఈ రోజు ఒక మందు మీద ట్రయల్ చెయ్యాలంటే ఎన్ని కమిటీలు, ఎన్ని సంతకాలు! ఆ కాగితాల దొంతరని చూసి కుర్రడాక్టర్లు విసుక్కుంటే నాకు హాల్‌స్టెడ్ గుర్తొస్తాడు.

కరెంటుతో నరాన్ని వెతకొచ్చని 1912లో జర్మనీలో పెర్తెస్ చెప్పాడు. గ్రీన్‌బ్లాట్, డెన్సన్ అమెరికాలో 1962లో చేతిలో ఇమిడే పరికరాన్ని చూపించారు. వాళ్ళు నాకు తాతల్లాంటివాళ్ళు. మా వంశం చేసినవాటిలో నేను ఎక్కువ గర్వపడేది 2003 అక్టోబర్ 7 గురించి. ఇరాక్‌లో బలద్ దగ్గర యుద్ధపు ఆసుపత్రిలో కాలికి పెద్ద గాయమైన ఒక సైనికుడికి డాక్టర్ చెస్టర్ బకెన్‌మయర్ నరాల పక్కన సన్నని గొట్టాలు పెట్టాడు. నరం జాడ తీసింది మావాడే. విమానాల్లో సముద్రాలు దాటి వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ చేరేదాకా ఆ గొట్టాల్లోంచి మందు పోతూనే ఉంది. అంతకుముందు గాయపడ్డవాళ్ళని మార్ఫిన్ మగతలో పంపేవారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నామీద విచారణలు మొదలయ్యాయి. న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో విలియం ఉర్మీ 2002లో 30 మంది మీద చూశాడు. సూది తాకి రోగికి జివ్వుమన్నాక నన్ను 1 మిల్లీ ఆంపియర్ దాకా పెంచితే, కండరం కదిలింది 30 శాతం మందికే. అంటే నరం ఒళ్ళోనే కూర్చుని కూడా నేను నోరెత్తలేదన్నమాట. 2006లో టొరంటోలో పెర్లాస్ బృందం అల్ట్రాసౌండ్‌లో కళ్ళారా సూది నరాన్ని తాకడం చూస్తూ లెక్కలు తీసింది. జివ్వుమనడం 38.2 శాతం, నావల్ల కండరం కదలడం 74.5 శాతం. నాలుగింట మూడు మార్కులు. పరీక్షల్లో ఫస్ట్ క్లాసే, కానీ మెడలో గుచ్చే సూదికి అది చాలదు, ఒప్పుకుంటాను.

మింగుడుపడనిది 2009 నాటిది. మళ్ళీ హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీయే. స్పెన్సర్ ల్యూ బృందం భుజం ఆపరేషన్‌కి వచ్చిన 230 మందిని చీటీ వేసినట్టు రెండుగా పంచింది, సగం నాకు, సగం అల్ట్రాసౌండ్‌కి. స్కాన్‌తో సూది గుచ్చుళ్ళు తగ్గాయి, చెయ్యి తొందరగా మొద్దుబారింది. ఆపరేషన్ తర్వాత మిగిలే తిమ్మిర్లు, నరాల ఇబ్బందులు? రెండువైపులా చెప్పుకోదగ్గ తేడా లేదు. నేను ఓడింది వేగంలో, భద్రతలో కాదు. మా ఆసుపత్రిలో ఈ రెండో సగం ఎవరూ చదివినట్టు లేదు.

అప్పటికే చక్రాల బండి మీద ఆ స్కానింగ్ మిషన్ దిగిపోయింది. దానికి రోజూ తుడుపు, దుప్పటి, గోడకి సొంత ప్లగ్గు. నన్ను మూడో సొరుగులోకి తోశారు. పెన్నులు, గడువు తీరిన ప్యాడ్లు, చెవిముక్క ఊడిన స్టెతస్కోపు, ఎవరివో పుట్టినరోజు కొవ్వొత్తులు నాకు తోడు. పోనీలే అనుకున్నాను. కానీ బ్యాటరీ తియ్యలేదు. ఒక్క నిమిషం పని. అది కడుపులోనే ఉబ్బి, కారి, తెల్లటి పొడి కట్టి నా రేకుల్ని తినేసింది. ఎర్ర తీగని ఎవరో ఏదో కట్టడానికి పట్టుకుపోయారు. ఏటా వచ్చి నా కరెంటు కొలిచి తేదీ చీటీ అంటించే టెక్నీషియన్ ఒక ఏడాది రాలేదు, మరుసటి ఏడు వచ్చినా సొరుగు తెరవలేదు. చీటీ మీద సిరా వెలిసిపోయింది. శిక్షణకి వచ్చిన కుర్రాళ్ళు పెన్ను కోసం సొరుగు లాగి, “ఇదేంటి?” అని నన్ను అటూ ఇటూ తిప్పేవాళ్ళు. ఒకడు నాకు కాలం చెల్లిందని పక్కవాడికి పాఠం కూడా చెప్పాడు, నన్ను చేత్తో పట్టుకునే. కొన్నాళ్ళు కిటికీ దగ్గర కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టారు. నిజం చెప్తే సొరుగు కన్నా అదే నయం, వెలుతురైనా ఉండేది.

బయటికి తీసింది కొత్తగా వచ్చిన ఒక డాక్టరమ్మ. దూదిపుల్లని వెనిగర్‌లో ముంచి రేకులు తుడిచింది, తీగ తెప్పించింది, టెక్నీషియన్‌ని పిలిచి కొలిపించింది. కారణం నామీద జాలి కాదు. భారీకాయులకి లోతైన నరాల దగ్గర స్కాన్‌లో సూది కొస మాయమవుతుంది. 2009లోనే బిగెలైసన్ బృందం 0.2 లోపు కదలిక నరం బయట ఎక్కడా కనిపించలేదని చెప్పింది. అందుకని ఇప్పుడు నన్ను తక్కువ కరెంటులో పెట్టి పక్కన కాపలా ఉంచుతుంది. నరాన్ని వెతకడం స్కానింగ్ మిషన్ వంతు, “లోపలికి పోతున్నావమ్మా” అని హెచ్చరించడం నా వంతు. షుగరు ముదిరినవాళ్ళ దగ్గర మాత్రం నన్ను పూర్తిగా నమ్మదు, వాళ్ళ నరాలు కదలాలంటే ఎక్కువ కరెంటు కావాలి. తెలిసినావిడ.

ఇక బిల్లు సంగతి. ఈ దేశంలో ఏ పనికైనా ఒక అంకె ఉంటుంది. స్కానింగ్ మిషన్‌కి ఇన్నాళ్ళూ 76942 అని సొంత అంకె, బిల్లులో సొంత వరస, దానికి వేరే డబ్బు. నాకు ఏనాడూ విడిగా ఒక్క సెంటు రాయలేదు. 2023 నుంచి భుజం, తొడ, తుంటి నరాలను మొద్దుబార్చే బ్లాకులు చాలావాటికి దాని వరస కూడా ఎత్తేసి బ్లాక్ ఛార్జీలోనే కలిపేశారు. ఇంకొకరి నష్టానికి సంతోషించకూడదంటారు. ఆ వారం స్కానింగ్ మిషన్ తెర మసకబారిందని డాక్టరమ్మ దాని బొత్తాలు నొక్కుతూ విసుక్కుంటుంటే, నేను మాత్రం 0.3 దగ్గర ఠంచనుగా నా డ్యూటీ నేను చేసుకున్నాను.