ఎర్ర అట్టల దొంతర

మా రోజుల్లో సీఏ ఆఫీసులో పని బల్లమీద కనపడేది. విజయవాడ వన్‌టౌన్ బట్టల కొట్ల నుంచి గుమాస్తాలు చిట్టా, ఆవర్జా పుస్తకాలు రిక్షాలో వేసుకుని తెచ్చేవాళ్ళు. ఎర్రగుడ్డ అట్టలు, పురికొసతో కట్టిన ఓచర్ల కట్టలు. శిక్షణలో ఉన్న ఆర్టికల్స్ కుర్రాడి ముందు ఆ దొంతర గడ్డం దాకా వచ్చిందంటే మా సార్ గదిలోంచి బయటికొచ్చి చూసేవారు. పై నాలుగు పుస్తకాలు తీసి పక్కవాడి బల్లమీద పెట్టేవారు. ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన పనుండేది కాదు.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు ఆర్టికల్స్ పిల్లలు. ఆరు బల్లలూ అద్దంలా మెరుస్తుంటాయి. పనంతా ల్యాప్‌టాప్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో. ఎవరి నెత్తిన ఎంతుందో పక్కవాళ్ళకు తెలీదు, నాకు తెలీదు, ఒక్కోసారి మోసేవాళ్ళకే తెలీదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. సెప్టెంబరు 29 సాయంత్రం ఏడింటికి తలుపు దగ్గర నిలబడి, "సార్, మూడు టాక్స్ ఆడిట్లకు 3సీడీ ఫారం ఇంకా మొదలుపెట్టలేదు" అంటారు. మర్నాడే ఆఖరు తేదీ. ఆ మాట పదో తారీఖున చెప్తే ఇంకొకళ్ళను సాయమిచ్చేవాణ్ణి కదమ్మా!

మేం మాత్రం రాత్రిళ్ళు కూర్చోలేదా? కూర్చున్నాం. 1984 ఫైనాన్స్ చట్టంతో టాక్స్ ఆడిట్ వచ్చాక గడువు ముందు కంటిమీద కునుకుండేది కాదు. పేజీలకు పేజీలు నోటితో కూడేవాళ్ళం. కానీ ఆ గడువు దాటిందంటే ఆఫీసుకు తెరిపి. మధ్యాహ్నాలు సార్ ఎదురుగా కూర్చోబెట్టుకుని సెక్షన్లు చదివించేవారు. నాకొచ్చిన పన్నుల విద్యంతా ఆ మధ్యాహ్నాలదే.

ఈ పిల్లలకు ఆ మధ్యాహ్నాలేవి? 7న టీడీఎస్ కట్టించాలి, 11న జీఎస్టీఆర్-1, 20న జీఎస్టీఆర్-3బీ, మళ్ళీ 7 వచ్చేస్తుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ ఇదే తిరగలి. మూడేళ్ళ ఆర్టికల్‌షిప్ 2023లో రెండేళ్ళయింది, సెలవు ఏడాదికి పన్నెండు రోజులే. పైగా 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం. వెనకటి ఏళ్ళ పనికి 1961 చట్టం, ఇకమీదటికి 2025 చట్టం, రెండూ బుర్రలో పెట్టుకోవాలి.

ఆర్టికల్స్ పిల్లలకు వారానికి 35 గంటల పనని సీఏ ఇన్‌స్టిట్యూట్ నియమం. నేనెరిగిన ఆఫీసుల్లో సీజన్లో అది గురువారానికే అయిపోతుంది. అడిగితే మా ఈడువాళ్ళు "మనం పడలేదా?" అంటారు. పడ్డాం. మన దొంతర చూసే మనిషి ఒకాయన ఉండబట్టి పడగలిగాం. మనం గదుల్లోంచి బయటికి రావడం మానేశాం. పిల్లల మీద నాకెంత కోపముందో, మా వాళ్ళ మీద అంతకు రెట్టింపుంది.

పోయిన నెల బజారుకెళ్ళి ఆరు ఎర్ర అట్ట పుస్తకాలు కొనుక్కొచ్చాను. ఎడమ పేజీలో వచ్చిన పని, ఎదురు పేజీలో తీరిన పని. రోజూ సాయంత్రం ఐదింటికి పుస్తకం తెరిచి బల్లమీదే ఉంచాలన్నాను. సణుక్కుంటూనే రాస్తున్నారు. నిన్న చివరి బల్ల అమ్మాయి పుస్తకంలో ఎడమన పదకొండు, కుడిన రెండు. నాలుగు ఫైళ్ళు నా గదికి తెచ్చుకున్నాను. ఇంకో ఇద్దరు క్లయింట్లకు నేనే ఫోన్ చేసి, కాగితాలన్నీ ఒక్కసారే పంపమని చెప్పాను. ఏడింటికల్లా ఆ పిల్ల బస్సెక్కింది.