తీర్పు చెప్పకండి!

విజయనగరంలో ప్లీడరు కానివాడు లేడు. కొందరికి నల్లకోటుంటుంది, తక్కినవాళ్లకి ఉండదు, అంతే తేడా. గంటస్తంభం దగ్గర టీ తాగుతున్న నలుగురి మధ్య ఓ గట్టు తగాదా ఎత్తి చూడండి. గ్లాసులు కిందపెట్టేలోగా సాక్షుల విచారణ, వాదనలు, తీర్పు, వీలైతే అప్పీలు కూడా అయిపోతాయి. తన నాటకంలోని తగాదాలమారి రామప్పంతులు పాత్ర కోసం గురజాడవారు పెద్దగా వెతుక్కుని ఉండరని నా అనుమానం.

అలాంటి ఊళ్లో, బడిపంతులుగా రిటైరైన నేను పారా లీగల్ వాలంటీరు శిక్షణలో చేరాను. మా తమ్ముడి కోడలు అమెరికాలో కమ్యూనిటీ కాలేజీకి ఫీజు కట్టి పారాలీగల్ చదువుతోంది. అది పూర్తిచేస్తే లా ఆఫీసులో జీతమొచ్చే ఉద్యోగం. ఇక్కడ ఆ పని ఏ సర్టిఫికెట్టూ లేకుండా ప్లీడరుగారి గుమాస్తా తరతరాలుగా చేస్తూనే ఉన్నాడు. నేను చేరింది వేరు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2009లో తెచ్చిన పథకం ఇది. టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, పొదుపు సంఘాల ఆడవాళ్లు, లా విద్యార్థులు, చివరికి జైల్లో బుద్ధిగా ఉంటున్న చదువుకున్న ఖైదీలు కూడా ఇందులో చేరొచ్చు. జీతం ఉండదు, గౌరవవేతనమే.

"అయితే మీరూ ఖైదీలూ ఒకటే బ్యాచన్నమాట" అంది మా ఆవిడ.

మొదటి రోజే చెప్పేశారు: మీరు లాయర్లు కారు. వచ్చినవాళ్ల గోడు వినాలి, అర్జీ రాసిపెట్టాలి, ఎక్కడికెళ్లాలో దారి చూపించాలి. వాదించకూడదు. తీర్పు అసలే చెప్పకూడదు. నా పక్కనున్న రిటైర్డు రెవెన్యూ ఉద్యోగి ముఖం అక్కడే వాడిపోయింది. మర్నాడు అభ్యాసం కోసం శిక్షణ ఇచ్చే ఆయనే కక్షిదారుగా నటిస్తూ "మా పక్కింటాయన గోడ మా జాగాలోకి..." అంటుండగానే మావాడు అందుకున్నాడు. "తప్పు నీదే. కొలతలు వేయించకుండా ఎందుకూరుకున్నావ్?" "తీర్పు చెప్పకండి!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. శిక్షణ పూర్తయ్యేదాకా ఆ గదిలో ఎక్కువసార్లు వినిపించిన వాక్యం అదే.

చట్టాలు నేర్చుకోవడం అంత కష్టమనిపించలేదు గానీ, నేర్చుకున్నవి మర్చిపోవడం కష్టమైంది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్ల పాత శిక్షాస్మృతి పోయి 358 సెక్షన్లు మిగిలాయి. హత్యకి 302 అని సినిమాలు చూసి బట్టీపట్టిన తరం మాది. ఇప్పుడది 103. అంతకన్నా పెద్ద నష్టం తిట్లకి జరిగింది. "వాడొట్టి ఫోర్ ట్వంటీగాడు" అంటే ఇన్నాళ్లూ చంటిపిల్లకి కూడా అర్థమయ్యేది. ఇకమీదట "వాడొట్టి మూడొందల పద్దెనిమిదో సెక్షన్ నాలుగో సబ్ సెక్షన్‌గాడు" అనాలి. అది పలికేలోపు వాడు డబ్బు పట్టుకుని రైలెక్కేస్తాడు.

లోక్ అదాలత్ పాఠం కూడా మావాళ్లకి మింగుడుపడలేదు. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వాపసొస్తుంది, దానిమీద అప్పీలుండదు. "అప్పీలే లేకపోతే ఇక కేసేం బాగుంటుందండీ?" అన్నారొకాయన, నిజంగానే బాధపడుతూ.

శిక్షణ అయ్యాక మమ్మల్ని న్యాయసహాయం కోసం వచ్చేవాళ్ల బల్ల దగ్గర కూచోబెట్టారు. గజపతినగరం వైపు నుంచి ఓ ముసలమ్మ వచ్చింది. అన్నదమ్ములు తన వాటా కలిపేసుకున్నారట. కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన నోట్లు బల్లమీద సాపు చేస్తూ "పీజెంత బాబూ?" అంది.

"ఏమీ లేదమ్మా. ప్లీడర్ని కూడా న్యాయ సేవాధికార సంస్థే పెడుతుంది."

చటుక్కున నోట్లు మళ్లీ ముడేసుకుంది. "ఊరికే ఒచ్చిన పలీడరు కేసు గెలుస్తాడేటి?"

ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ప్లీడర్ని పెట్టాలని చట్టంలోనే ఉందని చెప్పాను. ఎస్సీ, ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి, నిర్బంధంలో ఉన్నవాళ్లకి కూడా ఇదే వర్తిస్తుందని చెప్పాను.

"ఎప్పుడెట్టారు బాబూ ఈ సట్టం?"

"1987లోనమ్మా. అమల్లోకొచ్చింది 1995లో."

"మరిన్నేళ్లూ నాకెవుడూ సెప్పలేదేటి?"

రెవెన్యూ ఆయన నావైపు చూశాడు. నేను అర్జీ కాగితం తీసి ఆవిడ పేరు రాయడం మొదలెట్టాను. జీవితంలో మొదటిసారి ఆయన కూడా ఏ తీర్పూ చెప్పలేదు.

ఇది చదివినవాళ్లు మీ వీధిలో ఒక్కరికైనా ఈ మాట చెప్పండి. ఉచిత న్యాయసహాయానికి ఫోన్ నంబరు 15100, డబ్బులు పడవు. మాదగ్గరికొచ్చేటప్పుడు కాగితాలన్నీ తెచ్చుకోండి. కథ మాత్రం మీ తాతగారి పెళ్లి నుంచి కాకుండా, తగాదా దగ్గర్నుంచి మొదలెట్టండి.