నారు సారు

శివరాత్రి దాటాక కొత్తకోటలో పెళ్లికి వచ్చే జనం రెండు రకాలు. మొదటి రకం భోజనం చేసి, చదివింపులు చదివించి, ఇంటికి పోతారు. రెండో రకం మనిషి భోజనం కాగానే బల్లల వెంట తిరగడం మొదలుపెడతాడు. ఐస్‌క్రీం కప్పులు, పెరుగు డబ్బాలు ఏరి, కడిగి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గుడ్డసంచిలో వేసుకుంటాడు. పెళ్లికొడుకు తండ్రి దూరం నుంచి చూసి గాబరా పడతాడు, ఇంత పెద్దమనిషికి ఏం కష్టమొచ్చెనో అని. కష్టమేమీ లేదు. పింఛను నెలనెలా పడుతూనే ఉంది. ఆయన నారు పోయబోతున్నాడు, అంతే.

ఆయన్ను ఊళ్లో నారు సారంటారు. అసలు పేరు బడి హాజరుపట్టీలో ఉండేది. రిటైరయ్యాక దాని అవసరం పెద్దగా పడలేదు.

ఒక్కరే అనుకునేరు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు దిగి, ఊళ్లోకి నడుస్తూ కాస్త తల పైకెత్తండి. ఏ మిద్దె మీద ఆకుపచ్చ షేడ్‌నెట్ గాలికి టపటపలాడుతుందో, ఏ పిట్టగోడ మీద పెయింట్ డబ్బాలు వరసగా కూర్చున్నాయో, ఆ ఇంట్లో ఒక నారు సారున్నట్టు లెక్క. వాడకట్టుకు ఒకరికి తక్కువ లేరు. ఎక్కువమంది పంతుళ్లు, బ్యాంకు వాళ్లు, ఆర్టీసీ వాళ్లు కూడా అక్కడక్కడ తగులుతారు. ఆడవాళ్లలోనూ ఉన్నారు గానీ వాళ్లు మాట్లాడరు, పండిస్తారు. వాళ్ల మీద హాస్యం రాయడం కష్టం.

ఈ పిచ్చికి తెలుగునాట ఒక పెద్దమనిషి ఆద్యుడని సారు అందరికీ చెప్తాడు. కథలు రాసే తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు పక్కన నారపల్లిలో సొంతింటి మిద్దె మీద కూరగాయలు పండించి, చేసి చూపించి, 'మిద్దెతోట' అని పుస్తకమే రాశారు. ఆయన రాసింది చదివి ఎందరో చక్కగా పండించుకుంటున్నారు. మా సారు కూడా చదివాడు. చదవడం దగ్గర ఆయనకు తిరుగులేదు.

చిక్కంతా పొట్లాల దగ్గర వస్తుంది. విత్తనాలు ఫోన్‌లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తాయని కొడుకు నేర్పాడు. ఇక చూడండి, పార్‌స్లీ, థైమ్, బేసిల్, లెట్యూస్! పొట్లం వెనక సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది: ఆఖరి మంచు కురిసే రోజుకు ఆరు వారాల ముందు ఇంట్లో కిటికీ దగ్గర విత్తండి, ఆ తర్వాత నిండు ఎండలోకి మార్చండి. సారు ఆ వాక్యాన్ని అక్షరాలా నమ్మాడు. కొత్తకోటలో ఆఖరి మంచు ఎప్పుడు కురుస్తుందో తేల్చుకోవాలని బయల్దేరాడు. పెబ్బేరు దారిలో మోజెర్లలో ఉద్యాన కళాశాల ఉంది కదా, అక్కడ చదివే పిల్లవాడొకడు బస్టాండులో దొరికాడు.

"ఏం బాబూ, మన దిక్కు మంచు పడుడు ఎప్పుడు ఆగుతది?"

"మన దిక్కు మంచు మొదలే కాదు గద సార్."

"మొదలు గాకుంటె ఆగేదెట్ల తెలుసుకోవాలె?"

పిల్లవాడికి ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు. బస్సు కూడా వచ్చింది.

నిండు ఎండ అన్న మాట రాసినవాడు ఏప్రిల్లో కొత్తకోట మిద్దె చూసినవాడు కాడు. నలభై డిగ్రీల ఎండలో స్లాబు మీద చెప్పులు లేకుండా నిలబడితే మనిషే మొలకెత్తేలా ఎగురుతాడు. పార్‌స్లీ సంగతి చెప్పేదేముంది. థైమ్ పోయిన తేదీ సారు నోటుబుక్కులో ఉంది.

బేసిల్ది మాత్రం వేరే కథ. రాత్రి నానబెడితే త్వరగా మొలుస్తాయని ఎక్కడో విని, గిన్నెడు నీళ్లలో పోసి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే ప్రతి గింజ చుట్టూ తెల్లటి జిగురు పట్టి, చేపగుడ్లంత ఉబ్బి ఉంది. విత్తనానికి రోగమొచ్చిందని సారు దిగులుపడి కూర్చున్నాడు. ఇంట్లో అమ్మ, అంటే సారు భార్య, వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "ఇవి సబ్జాలు గద" అని చక్కెర కలిపి, నిమ్మకాయ పిండి, మనవలకు తలా ఒక గ్లాసు ఇచ్చేసింది. ఆమె చెప్పింది నిజమే. ఎండాకాలం షర్బతులో వేసుకునే సబ్జా గింజలు ఆ బేసిల్ జాతి విత్తనాలే. కిరాణా కొట్లో కిలోల లెక్కన దొరుకుతాయి. సారు కొన్న పొట్లంలో చెంచాడు కూడా లేవు.

ఇక కొత్తిమీర. నారు సారు జీవితంలో అసలు విషాదం ఇదే. ఒకరోజు రోడ్డు పక్క చాయ్ హోటల్లో కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"స్వాతి లేచింది గని బలం లేదు. సింధు సంగతి ఇంక ఏం తెలుస్తలేదు. సాధన మీద అయితే నేను ఆశ ఇడిసిపెట్టిన."

హోటలాయన చాయ్ గ్లాసు పెట్టి, పైసలు అడగకుండా, మెల్లగా పక్కన నిలబడ్డాడు. "పిల్లలు ఏ దవాఖానల ఉన్నరు సార్?"

స్వాతి, సింధు, సాధన ముగ్గురూ కొత్తిమీర రకాలే. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానంలో తయారైనవి. ఆ సంగతి హోటలాయనకు చెప్పి ఒప్పించేసరికి చాయ్ చల్లారింది.

ధనియం చూడ్డానికి ఒక గింజే గానీ పెంకు లోపల రెండు విత్తనాలుంటాయి. రెండు బద్దలయ్యేలా నలిపి విత్తాలి. ఇది సారుకు బాగా తెలుసు, చెప్పు కింద వేసి ఎంత బలంతో రాయాలో కూడా తెలుసు. తెలియనిదల్లా కొత్తిమీర చల్లదనం కోరే పంట అన్న ముక్క. చలికాలంలో విత్తితే వారం పది రోజుల్లో మొలుస్తుంది. మార్చి ఎండలకు మొండికేస్తుంది, మొలిచినా నాలుగాకులు వేసి పూతకు ఎగబడుతుంది. నీడ కట్టి, తడి ఆరకుండా చూసుకుంటే ఎండాకాలంలోనూ కాస్త దక్కుతుంది. సారు చేసేది అది కాదు. రోజూ పొద్దున పుల్లతో మట్టి తవ్వి, మొలిచిందో లేదో చూసి, మళ్లీ కప్పెడతాడు. అట్లా చూస్తే ఏ గింజైనా ఎందుకు మొలుస్తుంది?

"మొలిచినయా సార్?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఒకటే జవాబు. "పైకి కానొస్తలేదు గని లోపట పని నడుస్తుంది."

ఎరువు దగ్గర ఆయన రాజీ పడడు. పెబ్బేరు సంతకు శనివారం ఎడ్లు కొననీకి వచ్చినవాళ్లు ముందు నిలబడి పళ్లు చూస్తారు. మా సారు డబ్బా పట్టుకుని వెనక నిలబడతాడు. జీవామృతం కలపాలి కదా. ప్రకృతి సేద్యం పాలేకర్ చెప్పిన లెక్క 200 లీటర్ల నీళ్లకు 10 కిలోల ఆవుపేడ, ఆవు పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. సారు దాన్ని పెయింట్ డబ్బాకు సరిపోయేలా పదో వంతు చేశాడు. లెక్క తప్పలేదు, లెక్కల పంతులే. బెల్లం, శనగపిండి ఎక్కడివన్నది వంటింట్లో తేలింది. చుట్టాలొచ్చిన రోజు అమ్మ బజ్జీలకని డబ్బా తీసి మూత తెరిచింది.

"ధనియాల డబ్బ ఖాళీ. బెల్లం డబ్బ ఖాళీ. ఇప్పుడిది. మిద్దె మీద ఏం బర్రెలను సాదుతున్నరా?"

నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అని పెద్దలంటారు. కొత్తకోటలో నారు పోసేది సారు, నీరు పోసేది అమ్మ. మెట్లెక్కి, బిందె మోసి, డబ్బాడబ్బాకు చెంబుతో. మోకాళ్లు నొప్పులని ఆమె ఒకసారి కూర్చుండిపోయాకే సారుకు యంత్రాల మీద దృష్టి మళ్లింది.

ఆ యంత్రం కథకు ముందు సరళాసాగర్ గురించి ఒక మాట. మదనాపురం దిక్కున ఉన్న ఈ ప్రాజెక్టును వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వర్‌రావు తన తల్లి సరళాదేవి పేరున తలపెట్టారు. 1959లో అది పూర్తయింది. గేట్లు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు. నీళ్లు మట్టం దాకా రాగానే సైఫన్లు వాటంతటవే తెరుచుకుని దూకుతాయి, మట్టం తగ్గగానే ఆగుతాయి. ఆ నీళ్లు దూకే రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడనీకి పోతాయి. మా సారు ఎన్నో ఏళ్లు ఆ సూత్రాన్ని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాడు. దాన్నే మిద్దె మీదికి తెచ్చాడు.

మందుల దుకాణంలో సెలైన్ పైపులు కొన్నాడు. వాటర్ ట్యాంకు గట్టు మీద పెద్ద డబ్బా పెట్టి, నల్లా పైపు సన్నధారగా అందులోకి వదిలి, పైపులను పైకి వంచి, కప్పుకొకటి చొప్పున దింపాడు. డబ్బా నిండగానే నీళ్లు వంపు దాటి, తమంతట తామే కప్పుల్లోకి దిగాలి. నిజం చెప్పాలంటే దిగాయి కూడా. సారు చేతులు కట్టుకుని, ఇంజనీరు నిలబడ్డట్టు నిలబడ్డాడు. దిగిన నీళ్లు మట్టం తగ్గినా ఆగలేదు. కప్పులు నిండి, నారు తేలి, ఐస్‌క్రీం పుల్లల మీద రాసిన పేర్లతో సహా పిట్టగోడ రంధ్రంలోంచి కిందికి జారింది. కింద పక్కింటావిడ వడియాలు ఎండబెట్టింది. ఆమె తల పైకెత్తి అన్న మాటలు ఇక్కడ రాయను. సారు మాత్రం తొణకలేదు. "2019 డిసెంబర్ 31 నాడు సరళాసాగర్ కట్టకే గండి పడ్డది. నా డబ్బ ఎంత?" అన్నాడు. గండి పడ్డది నిజమే. ఆ తేదీ వల్ల ఆమె వడియాలు తిరిగి రాలేదు.

కోతుల గురించి రాయకపోతే తెలంగాణలో ఏ తోట కథా పూర్తి కాదు. టమాటా రంగు తిరిగిన పూట అవి వస్తాయి. తెంపి, ఒక కొరుకు కొరికి, నచ్చలేదన్నట్టు మన మీదికే విసురుతాయి. కొండముచ్చు బొమ్మతో ఫ్లెక్సీ కొట్టిస్తే భయపడతాయని ఎవరో చెప్పారు. సారు కొట్టించాడు. రెండు రోజులు రాలేదు. ఆ తర్వాత ఫ్లెక్సీ నీడన కూర్చుని తిన్నాయి. షేడ్‌నెట్ కన్నా ఫ్లెక్సీయే చల్లగా ఉన్నట్టుంది.

ఇంతా చదివి, ఆయన మిద్దె మీద ఏమీ పండదని మీరు అనుకుంటే పొరపాటు. ఒక మూలకు బెండ ఏపుగా నిలబడి ఉంటుంది. గోకర నడుమెత్తు పెరిగి గుత్తులు గుత్తులుగా కాస్తుంది. బీర తీగ డిష్ యాంటెన్నా ఎక్కి పక్కింటి వైరు పట్టుకుంది. తోటకూర కోసిన కొద్దీ వస్తుంది. ఇవన్నీ ఎండాకాలానికి తగిన పంటలు, గింజ మట్టిలో వేస్తే చాలు, అదే నాలుగైదు రోజులకు లేచి నిలబడుతుంది. బీర గింజలైతే సారు తల్లి చేసినట్టే అమ్మ ముదురుకాయను దూలానికి వేలాడదీసి, ఎండాక గింజ రాల్చి, బూడిద కలిపి గురిగిలో దాచినవి. పొట్లం లేదు, వెనక సన్న అక్షరాలూ లేవు.

ఈ మూలకు సారు ఎవరినీ తీసుకుపోడు. తనంతట తాను మొలిచేదాని మీద ఆయనకు గౌరవం లేదు. బడిలో కూడా అంతేనట. చదువొచ్చే పిల్లలను వాళ్ల మానాన వదిలేసి, వెనక బెంచీ వాళ్లకు సాయంత్రం దాకా క్లాసు చెప్పేవాడు. ఇప్పుడు ఏప్రిల్ టమాటాకు ప్రత్యేక తరగతి నడుస్తోంది. పగటి ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదని మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రానికి పోయే రైతెవరైనా చెప్తాడు. సారుకూ తెలుసు. తెలిసినా దాని పక్కనే స్టూలు వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చుంటాడు. పూత రాలితే నోటుబుక్కులో తేదీ వేసి, సున్నా పెట్టడు, 'ఇంకా ప్రయత్నించాలి' అని రాస్తాడు. ఆయన దగ్గర చదివినవాళ్లు ఆ మాట చూసి నవ్వరు. వాళ్ల ప్రోగ్రెస్ కార్డుల్లో కూడా అదే రాసేవాడట.

లెక్క అడగకూడదు. అడిగినవాడిని నేను చూశాను. కోకోపీట్ ఇటుకలు, నెట్, పైపులు, వేపపిండి, ఫ్లెక్సీ, పక్కింటావిడకు వడియాల కింద ఇచ్చుకున్న మినప్పప్పు అన్నీ కలిపి, వచ్చిన కొత్తిమీర కాడలతో భాగిస్తే ఒక్కో కాడ ఎంత పడుతుందని ఎవరో కుర్రాడు అడిగాడు. "భాగహారం నీకెవరు చెప్పిన్రు?" అని సారు గంభీరంగా అడిగాడు. చెప్పింది ఆయనే.

ఇక ఆయన ఇంటికి పోయినవాళ్లు ఉత్త చేతులతో తిరిగిరారు. ఐస్‌క్రీం కప్పులో రెండాకుల మొక్క పెట్టి చేతిలో ఉంచుతాడు. పాలవాడికి, కరెంటు బిల్లు తీసేవాడికి, ఓట్లడిగే వాళ్లకు, కొరియర్ తెచ్చిన పిల్లవాడికి, అందరికీ. తర్వాత దారిలో ఎదురైతే పలకరింపు ఉండదు, సూటిగా ప్రశ్నే: "ఎట్లున్నది?" చచ్చిపోయిందని చెప్పే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. అందుకే కొందరు సందు మార్చి నడుస్తున్నారు. ఒకరైతే అంగట్లో టమాటాలు కొని, ఇవి మీ మొక్కవే అని పట్టుకెళ్లి ఇచ్చారు. సారు రుచి చూసి, ఆ వారమంతా అమ్మతో సహా ఎవరి మాటా వినలేదు.

కాబట్టి మార్చి, ఏప్రిల్ నెలల్లో కొత్తకోట మీదుగా పోయే పాఠకులకు ఒక మనవి. నారు సారు ఎదురైతే తప్పించుకోకండి. కొత్తిమీర గురించి అడగకండి, చలి మొదలయ్యేదాకా ఆగమని మాత్రం చెప్పి చూడండి. టమాటా కప్పు చేతిలో పెట్టబోతే, జూన్‌లో మృగశిర చినుకులు పడ్డాక వచ్చి తీసుకుంటానని చెప్పండి. ఆ మూలకున్న గోకర, బెండ, బీర గింజలు నాలుగు అడిగి తీసుకోండి. అవి అడిగినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. గురిగి ఎక్కడుందో అమ్మకు తెలుసు.